ఇంగ్లీషు పదానికి ప్రాస వెతికే పద్ధతి

విశాఖపట్నంలో డిసెంబరు 4న నేవీ డే వచ్చినా, బడిలో వార్షికోత్సవం జరిగినా, ఇంగ్లీషులో నాలుగు పంక్తుల పద్యం రాసే పని ఎవరో ఒక విద్యార్థికి తప్పదు. బీచ్, వేవ్, స్టీల్, సబ్‌మెరీన్ వంటి పదమేదో పంక్తి చివర చక్కగా కూర్చుంటుంది, దానికి జత దొరకక రెండో పంక్తి ఆగిపోతుంది. తెలుగు అంత్యప్రాసకు అలవాటుపడిన చెవికి ఇంగ్లీషు రైమ్ నియమం ఒకటి రెండు చోట్ల అడ్డం తిరుగుతుంది కనుక, ముందుగా ఆ తేడాను పట్టుకుంటే మిగిలిన వెతుకులాట చాలా సులువవుతుంది.

తెలుగులో పంక్తుల చివరి అక్షరం కలిస్తే మనకు ప్రాస వినిపిస్తుంది. ఇంగ్లీషులో లెక్క చివరి అక్షరం నుంచి కాక ఊనిక నుంచి, అంటే పదంలో గట్టిగా పలికే చోటు నుంచి మొదలవుతుంది. ఊనిక పడిన అచ్చు మొదలుకొని పదం చివరిదాకా ధ్వనులన్నీ ఒకటైతేనే అది పర్ఫెక్ట్ రైమ్, అంటే పూర్ణప్రాస. మన ఊరిని సిటీ ఆఫ్ డెస్టినీ అంటారు కదా అని ‘సిటీ’కి ‘బ్యూటీ’ని జత చేస్తే, చివర ‘టీ’ కలిసింది కాబట్టి మనకు బాగానే ఉంటుంది కానీ ఇంగ్లీషు చెవి ఒప్పుకోదు. సిటీలో ఊనిక ‘సి’ మీద ఉంది కనుక ఆ ఇకారం నుంచి కలవాలి: పిటీ, విటీ సరిపోతాయి. బ్యూటీకి జత డ్యూటీ.

రెండో షరతు మనకు మరింత వింతగా తోస్తుంది. ఊనిక పడిన అచ్చుకు ముందున్న హల్లు రెండు పదాల్లోనూ వేరుగా ఉండాలి. ‘పోర్ట్’కు ‘రిపోర్ట్’, ‘సపోర్ట్’ జత చేస్తే ‘ప’కారం కూడా కలిసిపోవడం వల్ల, ఒకే ధ్వనిని తిరిగి చెప్పినట్టే అవుతుంది. కోర్ట్, ఫోర్ట్ అయితే సరైన జతలు. ఎన్ని అక్షరాలు కలిస్తే అంత శోభ అనుకునే మన ప్రాసాభిమానాన్ని ఇక్కడ కాస్త అదుపులో పెట్టుకోవాలి.

వెతకడం మొదలుపెట్టే ముందు పదాన్ని తెలుగు లిపిలో రాసుకోవడం మంచిది. ఇంగ్లీషు స్పెల్లింగు పెట్టే తికమక దానితో చాలావరకు తొలగిపోతుంది. బర్డ్, వర్డ్, హర్డ్, థర్డ్ అనే నాలుగింటికీ ఇంగ్లీషులో అచ్చులు అన్నిట్లో ఒకేలా రాయకపోయినా ప్రాస ఒకటే. సబ్‌మెరీన్, గ్రీన్, క్లీన్, మెషీన్ కూడా అంతే. దీనికి విరుద్ధంగా ‘వేవ్’, ‘హ్యావ్’ కంటికి ఒకేలా కనిపించి చెవికి విడిపోతాయి. వీటిని కంటిప్రాసలు అనవచ్చు. అయితే మన లిపి ఊనికను చూపదు, మన వాడుక రాతలు కొన్ని అసలు ఉచ్చారణకు దూరంగానూ ఉంటాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ పేరునే చూడండి. మనం ‘నోస్’ అని రాస్తాం కానీ ఇంగ్లీషులో దాని చివరి ధ్వని ‘జ్’కు దగ్గరగా ఉంటుంది, అందుకే దానికి రోజ్, దోజ్ కలుస్తాయి, మందు మోతాదు అనే అర్థంలోని ‘డోస్’ కలవదు. కాబట్టి రాసుకున్న దానిని ఒకసారి నిఘంటువుతో సరిచూసుకోవాలి. అందులో ఊనిక పడే అక్షరానికి ముందు పైన చిన్న నిలువుగీత ఉంటుంది.

ఇప్పుడు ‘స్టీల్’ను తీసుకుందాం. ముందున్న ‘స్ట్’ను కొట్టివేస్తే ‘ఈల్’ మిగులుతుంది. దాని ముందు మన వర్ణమాల క్రమంలోనే హల్లులను ఒక్కొక్కటిగా పెట్టి పైకి పలుకుతూ పోవాలి: ఓడ అడుగుదూలాన్ని చెప్పే కీల్, ఉత్సాహాన్ని చెప్పే జీల్, డీల్, మోకరిల్లడమనే నీల్, పీల్, ఫీల్, మీల్, వీల్, సీల్, హీల్. తరువాత రెండు మూడు అక్షరాల పదాలలో ఊనిక చివర పడేవాటిని చూడాలి. అపీల్, రివీల్, కన్సీల్ అలా దొరుకుతాయి. ఉక్కు మీద, ఓడల మీద రాసే పద్యానికి కీల్, వీల్ తామే దారి చూపుతాయి. పట్టిక పూర్తయ్యేదాకా ఏ పదాన్నీ ఎంచుకోకూడదు, ఎందుకంటే మొదట తట్టిన జత అందరికీ తట్టేదే అయి ఉంటుంది.

పూర్ణప్రాస దొరకనప్పుడు, లేదా దొరికినవన్నీ అరిగిపోయినవైనప్పుడు, నియర్ రైమ్ అనే సమీపప్రాస వైపు వెళ్లాలి. ఇక్కడ తెలుగు చదువుకున్నవారికి ఒక మేలు ఉంది: హల్లులను పుట్టుక స్థానాన్ని బట్టి వర్గాలుగా అమర్చిన వర్ణమాల మనకు చిన్ననాడే వచ్చి ఉంటుంది. అచ్చును కదపకుండా చివరి హల్లును దాని దగ్గరి బంధువుతో మార్చడమే సమీపప్రాసలోని రహస్యం. పరుషానికి పరుషం, సరళానికి సరళం, అనునాసికానికి అనునాసికం దగ్గరగా వినిపిస్తాయి. ఒకే వర్గంలోని పరుష సరళాలూ అంతే. షిప్‌కు సిట్, పిక్. టైమ్‌కు లైన్, షైన్ ఇలా వస్తాయి. ‘వేవ్’కు బ్రేవ్, సేవ్, కేవ్ పూర్ణప్రాసలు కాగా, సేఫ్ చాలా దగ్గరిది, డేజ్ కొంచెం దూరం, రెయిన్ ఇంకా దూరం. హల్లును నిలిపి అచ్చును మార్చే పద్ధతీ ఉంది. వేవ్, లవ్, లీవ్ అలాంటివి. నా చెవికి ఇవి బలహీనంగానే తోస్తాయి, నాలుగు పంక్తుల పద్యంలో వాడమని చెప్పను. హల్లును మార్చే మొదటి పద్ధతి మాత్రం పాటకు బాగా నప్పుతుంది: అక్కడ అచ్చును సాగదీస్తారు కనుక చివరి హల్లు తేడా వినేవారి దృష్టికి అంతగా రాదు.

‘డెస్టినీ’ వంటి పదం అసలైన పరీక్ష. ఊనిక మొదటి అక్షరం మీద ఉండడం వల్ల మూడక్షరాలూ కలిసే వాడుక పదం దానికి దాదాపు లేదు. అప్పుడు పదాల గుంపును జత చేయవచ్చు: ‘బెస్ట్ ఇన్ మీ’ ఒక్క మకారం తేడాతో చక్కగా సరిపోతుంది. లేదా పంక్తి నడకలో చివరి అక్షరానికి స్వల్పంగా బలం వచ్చేలా చూసి, సముద్రమనే అర్థంలోని ‘సీ’ని జత చేయవచ్చు, ఇంగ్లీషు కవులు ఇలాంటి వెసులుబాటును ఎప్పటినుంచో వాడుకుంటున్నారు.

నెట్‌లో రైమ్‌జోన్ వంటి సాధనాలు పూర్ణప్రాసలను, సమీపప్రాసలను విడివిడిగా చూపుతాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి ఉచ్చారణ నిఘంటువులో 1,34,000కు పైగా పదాలకు ధ్వనులు, ఊనికలు అంకెలతో సహా ఉన్నాయి; అది అమెరికా ఉచ్చారణ. బ్రిటిష్ ఉచ్చారణలో రేఫం, అంటే ‘ర’ ధ్వని, లోపించడం వల్ల ‘పోర్ట్’కు ‘థాట్’ కూడా పూర్ణప్రాసే అవుతుంది కానీ, రేఫాన్ని స్పష్టంగా పలికే మన విశాఖ సభలో చదివితే అది ప్రాసగా ఎవరికీ వినిపించదు. పట్టికలో ఉన్నా, వినేవారి చెవికి అందని జతను వదిలేయాలి.

నెల అనే అర్థంలోని ‘మంత్’, పండు పేరైన ‘ఆరెంజ్’ వంటి పదాలకు వాడుకలో పూర్ణప్రాసలు లేవు. ‘డాల్ఫిన్’కు ‘గాల్ఫింగ్’ అనే సమీపప్రాస ఉన్నా, తీరం మీద రాసే పద్యంలోకి గోల్ఫ్ ఆట ఎందుకు వచ్చిందని చదివేవారు తప్పక అడుగుతారు. అలాంటి పదాన్ని పంక్తి చివరి నుంచి మధ్యలోకి జరిపి, షోర్, శాండ్, బే వంటి జతలు ఎక్కువగా ఉన్న పదంతో పంక్తిని ముగిస్తే సరిపోతుంది.