శాస్త్ర పదాల మూలాలు – 6వ పాఠం: బర్సా

పోయిన పాఠం అభ్యాసంలో ఇచ్చిన 'ఊసైట్'ను మీలో చాలామంది 'గుడ్డు తిత్తి' అని రాసి పంపారు. ముందు ఆ లెక్క తేలాలి. బర్సా కాసేపు ఆగుతుంది.

సైట్ వేరు, సిస్ట్ వేరు. గ్రీకులో 'కుటోస్' అంటే బోలుగా ఉండే పాత్ర. ఇప్పటి శాస్త్రం దాన్ని కణానికి వాడుకుంటోంది. 'కుస్టిస్' అంటే మూత్రాశయం, తిత్తి. కాబట్టి మాట చివర సైట్ వస్తే అది కణం: ల్యూకోసైట్, ఎరిత్రోసైట్, లింఫోసైట్. సిస్ట్ వస్తే, చుట్టూ గోడ ఉండి లోపల ఏదో దాచుకున్న తిత్తి. ఊసైట్ అంటే అండంగా ఎదగాల్సిన కణం. ఊసిస్ట్ అంటే మలేరియా పరాన్నజీవి దోమ పొట్ట గోడలో కట్టుకునే తిత్తి. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో చూసినవి ఈ ఊసిస్టులే. ఒకటి అండాశయంలో ఉండేది, ఒకటి దోమ కడుపులో ఉండేది. ఈ రెండూ కలిపేస్తే ఎలా?

ఇక బర్సా. గ్రీకులో 'బుర్సా' అంటే ఒలిచిన తోలు. తోలుతో సంచులు కుట్టేవాళ్ళు గనుక లాటిన్‌లోకి వచ్చేసరికి అది సంచి అయింది, తర్వాత డబ్బు సంచి అయింది. ఇంగ్లిష్ పర్స్ అక్కడిదే. మన పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ కడుపులోనూ ఆ సంచే ఉంది: ఖర్చయిన డబ్బు మళ్ళీ సంచిలో పడటం. శరీరంలోని సంచికి ఈ పేరు పెట్టడం ఆ తర్వాతి మాట. మన తిత్తిదీ ఇదే దారి. తోలుసంచి, కొలిమితిత్తి, ఊపిరితిత్తి. అందుకే బర్సాకు నేను తిత్తి అనే రాస్తాను. కోశం అంటే నిఘంటువూ అవుతుంది, ఖజానా కూడా అవుతుంది, నాకు నచ్చదు.

మోకాలు, మోచేయి, భుజం దగ్గర ఎముకకూ స్నాయువుకూ మధ్య రాపిడి తగ్గించే చిన్న నీటి తిత్తులే బర్సాలు. అవి వాస్తే బర్సైటిస్. 'ఐటిస్' గురించి మళ్ళీ చెప్పను.

చెప్పాల్సింది బి-కణం గురించి, అంటే రోగక్రిములతో పోరాడే యాంటీబాడీలను తయారుచేసే తెల్ల రక్తకణం గురించి. అందులో 'బి' అంటే బోన్ మారో అని ఎన్ని కోచింగ్ నోట్సుల్లో చూశానో! కాదు. అది బర్సాలోని 'బి'. పక్షుల మలద్వారం దగ్గర, పేగు చివర పైభాగాన ఒక తిత్తి ఉంటుంది. ఇటలీలోని పాదువాలో శరీరశాస్త్రం చెప్పిన ఫాబ్రిషియస్ దాన్ని వర్ణించాడు. ఆ రచన ఆయన పోయాక 1621లో అచ్చయింది. అందుకే దాని పేరు 'బర్సా ఆఫ్ ఫాబ్రిషియస్'. అది ఏం పని చేస్తుందో మూడు వందల ఏళ్ళకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు. కోడిపిల్లల్లో ఆ తిత్తి తీసేస్తే అవి యాంటీబాడీలు సరిగా తయారుచేయలేవని అమెరికాలో బ్రూస్ గ్లిక్, ఆయన సహచరులు 1956లో ప్రచురించారు. అక్కడ పరిపక్వమయ్యే కణాలకే బి అన్న పేరు. మనిషికి ఆ తిత్తి లేదు, మన బి-కణాలు ఎముక మజ్జలో తయారవుతాయి. ఇంగ్లిష్‌లో మజ్జ పేరు కూడా బితోనే మొదలవడం కాకతాళీయం. పేరు వచ్చింది కోడి నుంచి. పరీక్షలో మార్కు పోదేమో గానీ, మూలం అడిగితే మజ్జ పేరు చెప్పకండి.

అభ్యాసం: కోలీసిస్టెక్టమీ, నెమటోసిస్ట్, బర్సెక్టమీ, ఆస్టియోసైట్. నాలుగింటినీ ముక్కలు చేసి ఒక్కోదానికి తెలుగులో ఒక వాక్యం రాయండి, నిఘంటువు చూడకుండా. కోళ్ళఫారాల వాళ్ళు గంబోరో అనే జబ్బును పశువైద్యులు ఐ.బి.డి. అంటారు. అందులో బి ఏమిటో, ఆ జబ్బు సోకిన కోడిపిల్లలకు వేరే జబ్బుల టీకాలు కూడా ఎందుకు సరిగా పట్టవో పై పేరా ఆధారంగా అయిదు వాక్యాల్లో రాయండి.