జనవరి చెవికి, మే వేడికి సరిపడే కంప్యూటర్

మన ఊళ్ళలో ఏడాదిలో సగానికి పైగా కంప్యూటర్ చప్పుడు వినబడదు. రెగ్యులేటర్ ఐదు మీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే, కిటికీలో కూలర్ మోగుతుంటే, బల్ల పక్కనున్న డబ్బా ఎంత గోల చేసినా చెవిన పడదు. సంక్రాంతి ముందు చలి రాత్రుల్లో ఫ్యాన్లన్నీ ఆపేశాక దాని బండారం బయటపడుతుంది. వేడి సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. మే నెలలో గదిలోనే 38 డిగ్రీలుంటే లోపలి ప్రాసెసర్ అంతకన్నా చల్లబడే దారే లేదు. భాగాలు ఎంచేటప్పుడు నేను చూసేది ఈ రెండే: మే మధ్యాహ్నానికి తట్టుకోవాలి, జనవరి రాత్రి వినబడకూడదు. అదీ జేబుకు చిల్లు పడకుండా.

నాది సికింద్రాబాద్‌లో రెండు గదుల పోర్షన్. ఇంట్లోనే కథలు చదివి రికార్డు చేస్తాను. మైకుకీ కంప్యూటర్‌కీ మధ్య నాలుగడుగులు కూడా ఉండదు. చెవి ఏ మోతకైనా అలవాటు పడుతుంది గానీ మైకు పడదు. ఆడియో పుస్తకాలు తీసుకునేవాళ్ళు మాటల మధ్య ఖాళీలో వినబడే మోత, రికార్డింగు పట్టగల గరిష్ఠ శబ్దాన్ని సున్నా అనుకుంటే, మైనస్ 60 డెసిబెల్స్ కంటే కిందే ఉండాలని అడుగుతుంటారు. అందుకని నా మిషనూ, తర్వాత తెలిసినవాళ్ళకు కట్టిపెట్టినవీ అన్నీ ఆ గీత చూసుకునే కట్టాను. మీరు రికార్డింగు చేయకపోయినా, అదే గదిలో పసిపాపో పెద్దవాళ్ళో పడుకునేట్టయితే ఈ లెక్క మీకూ పనికొస్తుంది.

కొట్టుకు వెళ్ళకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. తెర మీద బొమ్మలు గీయడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలా? పెద్ద ఆటలు ఆడరు, త్రీడీ పనులు చేయరు అంటే వద్దు. ఖర్చులోనూ వేడిలోనూ చప్పుడులోనూ ఒక్క దెబ్బతో అన్నిటికన్నా ఎక్కువ మిగిలేది ఇక్కడే. ఉత్తరాలు, ఎక్సెల్, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, ఆడియో ఎడిటింగ్, మామూలు హెచ్‌డీ వీడియో కత్తిరింపులు, వీటన్నిటికీ ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. ఆటలు కావాలనుకునేవాళ్ళు, పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే కార్డు చూసుకోండి. అంతకు మించి ఆ దారిలో నేను చెప్పగలిగింది లేదు.

ప్రాసెసర్ విషయంలో నా ఓటు ఏఎండీ రైజెన్ 5 5600జి. 2021లో వచ్చింది, ఆరు కోర్లు, 65 వాట్లు. దాని తర్వాతి తమ్ముడు 5600జీటీ దొరికినా అదే పని చేస్తుంది. పాతబడింది కదా అంటారు. పాతబడింది కాబట్టే దానికి సరిపోయే, ఏఎం4 రకం సాకెట్ ఉన్న మదర్‌బోర్డులు చవక. ఇంటెల్ వైపు ఐ3-12100 మంచిదే: నాలుగు కోర్లే అయినా ఇంటి పనులకు చకచకా పరుగెడుతుంది. అయితే పేరు చివర అక్షరం చూసి కొనండి. ఇంటెల్‌లో చివర ‘ఎఫ్’ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టు. ఏఎం4 రైజెన్‌లలో దీనికి తలకిందులు, ‘జి’ ఉంటేనే గ్రాఫిక్స్ ఉన్నట్టు. ఈ ఒక్క అక్షరం తేడాతో ఇంటికొచ్చి, మానిటర్ నల్లగా ఉందని ఫోన్ చేసేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. ఇంకో మాట, ‘ట్రే’ ప్రాసెసర్ అని డబ్బా లేకుండా కాస్త తక్కువకు ఇస్తారు. డబ్బాతో వచ్చేదానికి మూడేళ్ళ కంపెనీ వారంటీ, తోడుగా ఒక కూలర్ ఉంటాయి. ట్రేకి కూలర్ ఉండదు, వారంటీ ఎన్నాళ్ళో, ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోవాలి.

డబ్బాలో వచ్చే ఆ చిన్న కూలర్ ప్రాసెసర్‌ని కాపాడుతుంది, మన నిద్రను కాదు. బరువు పని పడగానే గుంయ్‌మని లేస్తుంది. ఫ్యాన్ వేగానికీ చప్పుడుకీ ఉన్న సంబంధం తెలిస్తే తక్కిన కొనుగోలంతా తేలికవుతుంది. అదే ఫ్యాన్‌ని సగం వేగానికి దించితే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అదే పక్కనే ఇంకో అలాంటి ఫ్యాన్ పెడితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అంటే ఒక్కటి పరుగులు పెట్టడం కంటే రెండు నింపాదిగా తిరగడం మేలు. చిన్న ఫ్యాన్ కంటే పెద్దది మేలు. ప్రాసెసర్ మీద 120 మి.మీ. ఫ్యాన్‌తో నిలువుగా ఉండే టవర్ కూలర్ పెట్టుకోవాలి. డీప్‌కూల్ ఏజీ400, కూలర్ మాస్టర్ హైపర్ 212 లాంటివి ఈ పనికి ఎక్కువే. ఏజీ400 ఎత్తు 150 మి.మీ. కేసు, అంటే భాగాలన్నీ బిగించే డబ్బా, స్పెసిఫికేషన్‌లో ‘కూలర్ ఎత్తు’ అని రాసిన అంకె దానికన్నా పెద్దదై ఉండాలి, లేకపోతే పక్క తలుపు మూతపడదు. నీళ్ళ కూలర్ల జోలికి పోకండి. వాటికి ఫ్యాన్లతో పాటు పంపు మోత అదనం. ధర సరేసరి.

ఇక కేసు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మనందరి సీటీసీకి, వెళ్ళి తక్కువలో కేసు అడిగితే కుర్రాడు అద్దాలూ లైట్లూ ఉన్నది ముందుకు జరుపుతాడు. “ఇది తీస్కోండి మేడమ్, ముందు మూడు, వెనక ఒకటి, నాలుగు ఫ్యాన్లు కేసుతోనే వస్తయి.”

“ఒక ఫ్యాన్ వైరు చివర చూపించు బాబూ.”

పక్క అద్దం తీసి వైరు లాగి చూపిస్తాడు. చాలాసార్లు దాని చివర కనిపించేది వేలెడు వెడల్పున, నాలుగు లావుపాటి గుండ్రటి పిన్నులున్న మోలెక్స్ ప్లగ్గు. అది పవర్ సప్లై నుంచి నేరుగా 12 వోల్టులు తీసుకుంటుంది. మదర్‌బోర్డుకి ఆ ఫ్యాన్ మీద ఏ అదుపూ ఉండదు. మీరు సినిమా చూస్తున్నా, ఖాళీ స్క్రీన్ ముందు కూర్చున్నా, జనవరైనా మే అయినా నాలుగూ ఒకటే వేగంతో బర్రుమంటూనే ఉంటాయి. రిమోట్‌తో రంగులు మార్చే కొన్ని హబ్బుల సంగతీ ఇంతే: రంగు మారుతుంది గానీ వేగం మారదు. మనకు కావాల్సింది మదర్‌బోర్డుకి పెట్టే సన్నటి ప్లగ్గు. అందులో మూడు రంధ్రాలుంటే వోల్టేజి తగ్గించి వేగం తగ్గించవచ్చు. నాలుగుంటే అది పీడబ్ల్యూఎం, అంటే బోర్డు నాలుగో తీగ మీద పంపే సంకేతంతో వేగం మార్చే రకం, ఇంకా సులువుగా అదుపులో ఉంటుంది.

“అన్నీ ఒకటే మేడమ్, గాలి కొడ్తయి అంతే.”

“అయితే ఫ్యాన్లు లేని కేసు చూపించు.”

ఆ మిగిలిన డబ్బుతో 120 మి.మీ. పీడబ్ల్యూఎం ఫ్యాన్లు రెండు విడిగా కొనండి. ముందు ఒకటి లోపలికి, వెనక ఒకటి బయటికి. నేను చెప్పిన ఈ కంప్యూటర్‌కి అంతే చాలు, నాలుగు అక్కర్లేదు. ఆర్కటిక్ పి12 లాంటివి ధరకు తగ్గ పని చేస్తాయి. కేసు ముందు భాగం జల్లెడలా ఉండాలి. ముందు మొత్తం అద్దం పెట్టి పక్కన సన్నటి చీలికలు వదిలిన కేసుల్లో ఫ్యాన్‌కి ఊపిరాడదు, ఎక్కువ తిరగాల్సి వస్తుంది. ‘సైలెంట్’ పేరుతో లోపల ఫోమ్ అంటించి, మూసేసి అమ్మే కేసులు చలి దేశాలకు బాగానే ఉంటాయేమో, ఖరీదు పెట్టి మే నెల వేడిని లోపల దాచుకోవడం నాకు మాత్రం నచ్చదు. జల్లెడ వెనక తీసి కడుక్కునే దుమ్ము ఫిల్టర్ ఉందో లేదో చూడండి.

మదర్‌బోర్డు కొనేటప్పుడు అందరూ ర్యామ్ స్లాట్లు లెక్కపెడతారు, ఫ్యాన్ వైర్లు గుచ్చే పిన్నులు లెక్కపెట్టరు. చవక బోర్డుల్లో ప్రాసెసర్‌కి ఒకటి, కేసుకి ఒకటి మాత్రమే ఉంటాయి. అలాంటి బోర్డే కొంటే, ఒక పిన్ను నుంచి రెండు ఫ్యాన్లకు చీలే స్ప్లిట్టర్ వైరు తీసుకోండి. ఒక్కో పిన్ను సాధారణంగా ఒక ఆంపియర్ దాకా ఇస్తుంది, మామూలు 120 ఫ్యాన్ లాగేది అందులో కొద్ది వంతే. ర్యామ్ 16 జీబీ చాలు, కానీ 8 జీబీవి రెండుగా తీసుకోండి. లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు ర్యామ్ పలకలతో తేడా కంటికి కనబడుతుంది. 2025 చివరి నుంచి మెమరీ రేట్లు మండిపోతున్నాయి కనుక, వారంటీ ఉన్న పాత డీడీఆర్4 ర్యామ్ దొరికితే మొహమాటపడకుండా తీసుకోవచ్చు.

హార్డ్ డిస్క్ ఈ డబ్బాలోకి రానివ్వకండి. దాని బదులు ఫైళ్ళను చిప్పుల్లో దాచే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ బోర్డు మీదే కూర్చుంటుంది, కదిలే భాగమే లేదు, ఇక చప్పుడెక్కడిది. పాత డిస్కులో ఫోటోలు, పెళ్ళి వీడియోలు ఉంటే దాన్ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి కావాల్సినప్పుడే తగిలించుకోండి. డిస్కు చేసేది కటకట మాత్రమే కాదు. 7200 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 7200, సెకనుకు 120 చుట్లు. ఆ వణుకు కేసు రేకుకి, అక్కణ్ణుంచి బల్లకి పాకి, రికార్డింగులో 120 హెర్ట్జ్ దగ్గర గీతలా తేలుతుంది.

పవర్ సప్లై దగ్గర పిసినారితనం పనికిరాదు, గొప్పలూ అక్కర్లేదు. ఈ కంప్యూటర్ మొత్తం ఎంత కష్టపడ్డా 150 వాట్లు దాటదు. అయినా కొట్లో 750 వాట్లది అంటగట్టబోతారు. పేరున్న కంపెనీది 450 లేదా 550 వాట్లు, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర, 120 మి.మీ. ఫ్యాన్, ఇంతే చూడండి. తక్కువ లోడు మీద నడుస్తుంది కనుక దాని ఫ్యాన్ నింపాదిగా తిరుగుతుంది. కేసుతో ‘ఫ్రీ’గా వచ్చే పవర్ సప్లైని మాత్రం అక్కడే వదిలేసి రండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్ వేవ్‌దో కాదో చూసుకోండి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద కొన్ని పవర్ సప్లైలు కరెంటు పోయినప్పుడల్లా కీచుమంటాయి, కొన్ని ఆగిపోతాయి. అప్పుడు తప్పు కంప్యూటర్‌ది కాదు.

అన్నీ బిగించాక బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలో, అరగంట కూర్చోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం కొన్న భాగాలన్నిటికీ సమానం. ఫ్యాన్ కర్వ్ అనే చోట ఉష్ణోగ్రతకి ఎదురుగా వేగం పెట్టుకుంటాం. నేను జనవరికి పెట్టేది: 60 డిగ్రీల దాకా 30 శాతం, 75 దగ్గర 50, 85 దగ్గర వంద. 5600జి 95 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది కాబట్టి 75 చూసి గాభరా పడక్కర్లేదు. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే లోపలి అంకె కూడా దాదాపు అన్ని డిగ్రీలూ పైకి జరుగుతుంది. కనుక వేసవికి ఇంకో ప్రొఫైల్ సేవ్ చేసి, 55 నుంచే వేగం పెంచండి. ఎలాగూ అప్పుడు సీలింగ్ ఫ్యాన్ మోతలో అది కలిసిపోతుంది. బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఫ్యాన్ ఒక్క క్షణం ఎగిరి పడిపోతుంటే, ‘స్టెప్ అప్’ సమయం అనేదాన్ని నాలుగైదు సెకన్లకు పెంచండి. ఒకే స్థాయిలో సాగే మోత కన్నా ఈ ఎగరడం దిగడమే చెవిని ఎక్కువ పొడుస్తుంది. చాలా బోర్డుల్లో ఈ ప్రాసెసర్‌ని 45 వాట్లకి దించే వీలుంది. రికార్డింగు పనికి నాకు తేడా తెలియలేదు, ఫ్యాన్‌కి తెలిసింది.

కంప్యూటర్ టేబుల్‌కి కింద ‘సీపీయూ పెట్టుకోవడానికి’ ఇచ్చే చెక్క అర ఉంటుంది చూడండి, అందులో మాత్రం పెట్టకండి. విడిచిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. గోడకి జానెడు ఎడంగా, నేలకి కాస్త ఎత్తులో పెట్టి, కాళ్ళ కింద పాత మౌస్ ప్యాడ్ ముక్కలు వేస్తే వణుకు బల్లకి పాకదు. దుమ్ము దులిపేటప్పుడు బ్లోయర్ గాలికి ఫ్యాన్ గిర్రున తిరగకుండా వేలితో ఆపి పట్టుకోండి.

ఇంత చేశాక కూడా ఏదో మోగుతుంటే ఊహలొద్దు, కొలిచి చూడండి. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేసి ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత మోతో గీసి చూపే ‘ప్లాట్ స్పెక్ట్రమ్’ తెరవండి. 50, 100 హెర్ట్జ్ దగ్గర కొండలు లేస్తే అది చాలావరకు కరెంటు మోత, ముందుగా సాకెట్‌లో ఎర్తింగ్ చూపించండి. 120 దగ్గరైతే ఎక్కడో 7200 డిస్కు తిరుగుతోంది, 90 అయితే 5400ది. ఫ్యాన్‌దైతే దాని ఆర్‌పీఎంని 60తో భాగించి రెక్కల సంఖ్యతో గుణించండి. ఏడు రెక్కల ఫ్యాన్ 1200 మీద తిరుగుతుంటే 140 దగ్గర కనబడుతుంది. ఏ ఫ్యాన్ అంకె కుదిరితే దాని వేగం ఓ వంద తగ్గించి మళ్ళీ రికార్డు చేయండి.

డబ్బు ఒకేసారి సమకూరకపోతే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, మంచి పవర్ సప్లై, కేసు, రెండు ఫ్యాన్లు ముందు కొనేయండి. డబ్బాలో వచ్చిన కూలర్‌తోనే 45 వాట్ల మీద నడపండి. టవర్ కూలర్ వచ్చే నెల జీతంలో కొన్నా, బిగించడానికి స్క్రూ డ్రైవర్, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు ఉంటే చాలు. ఏ భాగానికైనా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం మరచిపోకండి. వారంటీ కోసం వెళ్తే ముందు అడిగేది అదే.