సంతోష్ ట్రోఫీ చూడాలంటే ముందు ఒక నోటుబుక్కు కొనండి

సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ ఎలా చూడాలి అని ఎవరైనా అడిగితే నేను టికెట్ గురించీ యాప్ గురించీ చెప్పను. రెండొందల పేజీల రూళ్ల నోటుబుక్కు కొనుక్కోమంటాను. గ్రౌండులో ఉన్న ఇరవై రెండు మందిలో ఒక్కడి పేరూ మనకు తెలియదు కదా. తెలియనివాడు గోల్ కొడితే చప్పట్లు కొట్టి ఊరుకుంటాం. వాడే మొన్న ఖాళీ గోల్ ముందు బంతిని పైకి తన్నిన పదకొండో నంబరు అని తెలిస్తే కుర్చీలోంచి లేస్తాం.

ఈ అలవాటు నాకు మా నాన్న నుంచి వచ్చింది. ఆయన సికింద్రాబాద్‌లో రైల్వే గుమాస్తా. 1956-57లోనూ 1957-58లోనూ హైదరాబాద్ జట్టు వరసగా రెండేళ్లు ఈ కప్పు గెలిచింది. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ కుర్రాడేనని నాన్న చెప్పని ఆదివారం లేదు. తర్వాత 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. మళ్లీ మన వైపు రాలేదు. అయినా ఏటా నోటుబుక్కు తెరుస్తూనే ఉన్నాను.

మొదటి పేజీలో టోర్నీ ఎలా నడుస్తుందో రాసుకోండి. ఇది క్లబ్బుల కప్పు కాదు, రాష్ట్రాల కప్పు. 1941లో మొదలైంది. సంతోష్ అంటే ఆనందం అనుకునేరు, అది ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న ఒక జమీందారీ ఊరి పేరు. రాష్ట్రాలతోపాటు సైనిక దళాల వాళ్ల సర్వీసెస్ జట్టు, రైల్వేస్ జట్టు కూడా ఉంటాయి. ముందు వేర్వేరు ఊళ్లలో గ్రూపు మ్యాచ్‌లు, అక్కడ నెగ్గినవాళ్లకు ఫైనల్ రౌండ్. 2024-25లో ఫైనల్ రౌండ్ హైదరాబాద్‌కు వచ్చింది. తొమ్మిది గ్రూపుల విజేతలు, అంతకుముందు ఏడాది ఫైనల్ ఆడిన సర్వీసెస్, గోవా, ఆతిథ్యమిచ్చిన తెలంగాణ, కలిపి పన్నెండు జట్లు. ఆరేసి చొప్పున రెండు గ్రూపులు, ఒక్కో దాంట్లోంచి నాలుగు జట్లకు క్వార్టర్ ఫైనల్. ఈ లెక్క ఏటా ఇలాగే ఉంటుందనుకోవద్దు. షెడ్యూల్ రాగానే కొత్తగా గీసుకోవాలి.

చాలామంది ఫైనల్ రౌండ్ నుంచి మొదలుపెడతారు. అదే తప్పు. ఆ సీజన్‌లో ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు ఉన్న గ్రూపు అనంతపురంలో ఆడింది. అందులోంచి పైకొచ్చింది తమిళనాడు. అక్కడ రాసుకున్న పేర్లే డిసెంబర్‌లో హైదరాబాద్‌లో మళ్లీ కనబడ్డాయి. రాయలసీమ వాళ్లకు అదంతా బస్సు దూరంలోనే జరిగింది.

ఇక నోటుబుక్కు వాడకం. ఎడమ పేజీలో పాయింట్ల పట్టిక గీయండి: ఆడినవి, గెలుపు, డ్రా, ఓటమి, కొట్టిన గోల్స్, మా భాషలో చెప్పాలంటే తిన్న గోల్స్ (అంటే ఎదుటి జట్టు కొట్టినవి), పాయింట్లు. ఇది పెన్సిల్‌తో రాయాలి, రోజూ చెరపాలి కాబట్టి. కుడి పేజీలో నంబరు, పేరు, గోల్ పడిన నిమిషం. ఇది పెన్నుతో. నిమిషం మాత్రం తప్పకుండా రాయండి. హైదరాబాద్‌లో ఒక్కో జట్టు పది రోజుల్లో ఐదు మ్యాచ్‌లు ఆడింది. మూడో మ్యాచ్ నుంచి కాళ్లు బరువెక్కుతాయి. డెబ్బయ్యో నిమిషం తర్వాత ఎవరు గోల్ తింటున్నారో, బెంచీ మీంచి వచ్చి ఎవరు కొడుతున్నారో చూస్తే క్వార్టర్స్‌లో ఏమవుతుందో సగం అర్థమైపోతుంది. టీవీ వాడు చెప్పే బంతి స్వాధీనం లెక్కలకన్నా నాకు ఈ నిమిషాల వరస మీదే నమ్మకం.

ప్రతి మ్యాచ్ పక్కన గ్రౌండు పేరు రాయండి. నేను రాయలేదు. మొదటిరోజు నేరుగా గచ్చిబౌలి వెళ్లి, తాళం వేసిన గేటు చూసుకుని ఇంటికొచ్చాను. గ్రూపు మ్యాచ్‌లు అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనాలో. గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి వచ్చింది సెమీస్ నుంచే. మర్నాటి నుంచి మెహదీపట్నంలో మొయినాబాద్ వైపు పోయే బస్సెక్కాను. అక్కడ రోజుకు మూడు మ్యాచ్‌లు. శాలువా, రెండు పెన్సిళ్లు, టిఫిన్ డబ్బాలో పులిహోర. గోల్ వెనక కూర్చోకండి, అటువైపు ఏం జరుగుతోందో కనబడదు. మధ్యగీతకు ఎదురుగా, పై వరసలో కూర్చోండి. అక్కడి నుంచి చూస్తే బ్యాక్‌లు, అంటే గోల్‌ను కాచే వెనక వరస ఆటగాళ్లు, ఎక్కడ ఖాళీ వదులుతున్నారో తెలుస్తుంది.

మన జట్టు ఓడిపోతే ఏం చేయాలి? తెలంగాణ గ్రూపు దాటలేదు. అలాంటప్పుడు నోటుబుక్కు తిరగేసి, ఎవరి పేరు పక్కన ఎక్కువ గోల్ గీతలు ఉంటే ఆ కుర్రాడి జట్టును మన జట్టుగా పెట్టుకోవాలి. నేను మణిపూర్‌ని పెట్టుకున్నాను. సెమీస్‌లో కేరళ చేతిలో 5-1. రోషల్ అనే కేరళ కుర్రాడు ఒక్కడే మూడు కొట్టాడు. నా పెన్సిల్ మొన అక్కడే విరిగింది.

ఫైనల్ 2024 డిసెంబర్ 31న. బెంగాల్, కేరళ. తొంభై నిమిషాలూ గోల్ లేదు. పక్కన కూర్చున్న ఐటీ కుర్రాళ్లు ఎక్స్‌ట్రా టైమ్ ఖాయమని ఫోన్లు తీశారు. నా చూపు మాత్రం బెంగాల్ పేజీలో రోబీ హన్స్‌దా పేరు మీదే ఉంది, ఆ వరసంతా గీతలే మరి. తొంభై నిమిషాల మీద కలిపే ఇంజురీ టైమ్‌లో కొట్టేశాడు. టోర్నీలో అతనికది 12వ గోల్, బెంగాల్‌కు 33వ కప్పు. కుర్రాళ్లు ఫోన్లోంచి తలెత్తి "ఎవరంకుల్ కొట్టింది?" అన్నారు. నోటుబుక్కు చూపించాను.

ఫైనల్ ఆ తేదీనే పడితే ఇంకో జాగ్రత్త. కప్పు ఇచ్చేదాకా ఆగితే కొత్త సంవత్సరం హడావిడికి నగరంలో ఫ్లైఓవర్లు మూసేస్తారు. సికింద్రాబాద్ పోవాల్సినవాళ్లు కింది రోడ్డు చూసి పెట్టుకోండి.