బడిలో అల్లరి: ముందు వాటర్ బాటిల్ చూడండి

డైరీలో ఎర్ర ఇంకుతో ఒక లైను వచ్చిందంటే ఇంట్లో జరిగేవి రెండే. వీపు మోగుతుంది, లేదంటే సెల్‌ఫోన్ బీరువాలోకి పోతుంది. "మీవాడు ఒకచోట కూర్చోడు, పక్కవాళ్లను తోస్తున్నాడు" అని రాసిన లైనులో ఎన్ని గంటలకు అన్నది ఉండదు. అడిగేవాళ్లూ ఉండరు. కర్నూలులో చిన్న తరగతులకు చెప్పబట్టి నాకు 14 ఏళ్లు. "ఎంత కొట్టినా వినడు మేడం" అన్న అమ్మానాన్నలను లెక్కపెట్టలేను. "ఏ పీరియడ్‌లో మేడం?" అని అడిగినవాళ్లు పదిమంది కూడా ఉండరు. రెండో తరగతి పిల్లవాడి తండ్రి ఒకాయన "మీరే రెండు తగిలించండి" అన్నాడు. బడిలో కొట్టకూడదని 2009 నాటి విద్యా హక్కు చట్టమే చెప్పింది. ఆ మాట పక్కన పెట్టినా, వాడి సమస్య దెబ్బకు తగ్గే రకం కాదని తర్వాత తేలింది.

అందుకే మొదటి పని టైము పట్టుకోవడం. ఒక వారం పాటు గొడవ జరిగిన టైము డైరీ మూలన వేయమని టీచరును అడగండి. 9:15, 11:40, అంతే. 35 మంది పిల్లలున్న టీచరు వివరంగా రాయమంటే రాయదు, అంకె వేయమంటే వేస్తుంది.

పొద్దున మొదటి గంటలోనే గొడవ

నిద్ర చాలలేదు, లేదా కడుపు ఖాళీ. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి, ఆరేళ్లు దాటితే కనీసం 9. రాత్రి 11 దాకా సీరియల్ చూసి, 7:40 ఆటోకు రెండు ముద్దల ఉగ్గాని నోట్లో కుక్కి పంపితే వాడు ఎవరినో ఒకరిని గిల్లుతాడు. దీనికి మందు మీకు తెలిసిందే.

ఒక్క పిల్లవాడితోనే, లేదా బోర్డు మీది రాయమన్నప్పుడే

మొదటిదైతే సీటు మార్చమనండి. రెండోదైతే కళ్లు చూపించండి. పిలిస్తే ఒకరోజు పలికి ఒకరోజు పలకకపోతే, పైగా జలుబు వదలకుండా ఉంటే, చెవులూ చూపించండి.

11 దాటాక, లేదా ఇంటి బెల్లుకు గంట ముందు

నన్ను బోల్తా కొట్టించింది ఇదే, అదీ మా ఇంట్లోనే. మావాడు అప్పుడు వేరే బడిలో యూకేజీ. కూర్చోడు, తోస్తాడు, ఒకరోజు ఒక పాపను కొరికాడు. తిట్టాం, సైకిల్ కొనిస్తామన్నాం. మా అత్తమ్మ ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చారు. రెండు నెలలు ఇట్లాగే నడిచింది.

ఒక సాయంత్రం బాటిల్ కడుగుతుంటే చేతికి బరువు తగిలింది. పొద్దున నింపిన నీళ్లు నింపినట్టే ఉన్నాయి. అప్పుడు వెలిగింది: రోజూ ఆ నీళ్లు పెరట్లో కరివేపాకు చెట్టుకు పోస్తున్నది నేనే. చెట్టు మాత్రం ఏపుగా పెరిగింది. ఆటో దిగగానే బ్యాగు గుమ్మంలో పారేసి, బూట్లతోనే బాత్రూంలోకి పరిగెత్తుతున్నాడని కూడా అప్పుడే గుర్తొచ్చింది. అదీ అల్లరే అనుకుని దానికీ తిట్టేదాన్ని.

ఐదేళ్ల పిల్లవాడి మూత్రాశయం పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు, మనం నీళ్లు తాగే గ్లాసుడు. పొద్దున 7:40 నుంచి సాయంత్రం 4 దాకా ఆపుకుంటే వాడికి అ ఆలు ఎక్కడ ఎక్కుతాయి? కాళ్లు మెలేస్తాడు, బెంచీ అంచున కూర్చుంటాడు, మడమ కింద పెట్టుకుని నొక్కుకుంటాడు. ఆ టైములో పక్కవాడి మోచేయి పొట్టకు తగిలితే తోసేస్తాడు. మాకు అది తోయడంగానే కనిపిస్తుంది.

ఎందుకు ఆపుకుంటున్నావని అడిగితే మావాడు చెప్పడు. "నాకు రాదు" అంటాడు. నేను వాడికి యూనిఫాం తొడిగి, బూట్లు వేసి, "నాన్నా, ఇప్పుడు ఒంటికి పోయిరా" అన్నాను. బాత్రూం ముందు నిలబడి, బడి గుర్తున్న ఇనుప బిళ్ల బెల్టును రెండు చేతులా లాగాడు. రాలేదు. బిళ్లను పక్కకు తిప్పాడు. దాని కింద ప్యాంటు కొక్కెం ఒకటి. ఒంటికాలి మీద గెంతుతూ లాగీ లాగీ నా మొహం చూశాడు. బడిలో ఒకసారి ఇట్లాగే ప్యాంటు తడిపితే ఆయమ్మ కసిరిందట, పిల్లలు నవ్వారట. ఆ రోజు నుంచి నీళ్లు మానేశాడు.

ఆ తర్వాత నా తరగతిలో ఎర్ర లైను వచ్చిన ప్రతి పిల్లవాడికీ ముందు చూసేది బాటిల్, తర్వాత బెల్టు. అందరికీ బెల్టే కారణం కాదు. తలుపు గొళ్లెం పడదు, లోపల చీకటి, మగ్గు లేదు, కమోడ్ మీద కూర్చుంటే కాళ్లు అందవు, లేదా వేలు చూపించి "ఒంటికి మేడం" అంటే "ఇప్పుడే కదా పోయొచ్చావు" అన్న టీచరు. అందులో నేనూ ఉన్నాను. ఆడపిల్లలు ఇంకా ఎక్కువ ఆపుకుంటారు, మంట, ఇన్ఫెక్షన్ వాళ్లకే ముందు వస్తాయి.

ఏం చేయాలంటే: యూనిఫాం, బూట్లు అన్నీ వేసి ఇంట్లోనే ఒకసారి పంపి చూడండి. సాయం చేయొద్దు. కొక్కెం రాకపోతే టైలరుతో తీయించి ఎలాస్టిక్ వేయించండి. బెల్టు ఫొటో తీసి పంపకండి, చేత్తో పట్టుకుని వెళ్లి "మేడం, ఇది వీడికి ఊడదు" అని చూపిస్తే ఎవరూ కాదనరు. ఆయమ్మతో మీరే మాట్లాడండి, "అక్కా, ఇంటర్వెల్‌కి వీణ్ణి ఒకసారి తోలుకుపోండి" అని. వచ్చినప్పుడు పోవడం కాదు, రాకపోయినా ఇంటర్వెల్‌కి ఒకసారి, అన్నం బెల్లుకి ఒకసారి పోవాలి. ఆపుకోవడం అలవాటైనవాడికి వచ్చిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

నీళ్లు మాత్రం తగ్గించకండి. "తక్కువ తాగి వెళ్లు, గోల ఉండదు" అనే తల్లులను ఏటా చూస్తున్నాను. మన ఊళ్లో మార్చి దాటితే ఎండ సంగతి చెప్పాలా? నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది. మంట పుడితే ఇంకా ఆపుకుంటాడు.

రెంటికి సంగతీ అడగండి. మూడు రోజులకోసారి గట్టిగా వెళ్తుంటే ఆ మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది, పైన చెప్పిన పనులన్నీ చేసినా ఫలితం సగమే. పొద్దున టిఫిన్ అయ్యాక ఐదు, పది నిమిషాలు తొందర పెట్టకుండా కూర్చోబెట్టండి. బిస్కెట్లు తగ్గించి జామకాయ, రాగి సంగటి పెట్టండి. మావాడు గాడిన పడడానికి మూడు వారాలు పట్టింది, మూడు రోజుల్లో ఆశించొద్దు.

మిగతావి

ఏడీహెచ్‌డీ (కుదురు, ధ్యాస నిలవని సమస్య) అని ఫోన్‌లో వీడియో చూసి వచ్చేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అదైతే బడిలోనూ ఇంట్లోనూ నెలల తరబడి కనిపిస్తుంది, 11:40కే రాదు. తేల్చాల్సింది డాక్టరు. కూర్చున్నచోట గోక్కుంటుంటే, ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో నులిపురుగుల మాత్ర ఇచ్చిన రోజు వాడు సెలవేమో కనుక్కోండి.

రెండు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్లు విపరీతంగా తాగుతూ, మాటిమాటికీ పోతూ, బరువు తగ్గుతుంటే అది చక్కెర జబ్బు కావచ్చు, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. బాత్రూం పేరెత్తితేనే వణికిపోతుంటే, లేదా ఫలానా మనిషి ఉంటే వెళ్లనంటుంటే, బెల్టు మాట వదిలేసి బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేదంతా వినండి. ఎవరైనా తాకారని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి.

మూడు వారాల తర్వాత కూడా డైరీ మూలన అదే అంకె పడుతుంటే, ఆ పేజీలే పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. "అల్లరి చేస్తున్నాడు డాక్టర్" అని మొదలుపెట్టకండి, ఆ అంకెలు చూపించండి.