రాత్రంతా ప్లగ్ పెట్టినా హైబ్రిడ్ కారు చార్జ్ ఎక్కట్లేదా? ముందు ఎర్తింగ్ చూడండి

సమస్య ఇది. రాత్రి సెల్లార్‌లో ప్లగ్ పెట్టి పడుకుంటారు, పొద్దున చూస్తే బ్యాటరీ ఎలా ఉందో అలాగే ఉంది, ఇక గచ్చిబౌలి దాకా పెట్రోల్ మీదే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో ఇంజిన్ కూడా ఉంటుంది కాబట్టి బండి ఆగదు, అందుకే చాలామందికి బంకులో బిల్లు పెరిగేదాకా సంగతి తెలీదు.

షోరూమ్‌కి ఫోన్ చేసేముందు అదే చార్జర్‌ని ఇంకో బిల్డింగ్‌లో పెట్టి చూడండి. ఎంత చెప్పినా ఎవరూ చెయ్యని పని ఇదే. అక్కడ ఎక్కిందంటే కారు, చార్జర్ రెండూ బాగున్నట్టే, తేడా మీ సాకెట్‌లో ఉంది. అక్కడా ఎక్కకపోతే కార్లో చార్జింగ్ టైమర్ ఆన్‌లో ఉందేమో చూడండి.

సాకెట్‌లో తేడా అంటే ఎక్కువగా ఎర్తింగే. "అదే సాకెట్‌లో కార్ వాషర్ బ్రహ్మాండంగా నడుస్తోంది కదండీ" అంటారు. నడుస్తుంది, దానికి ఫేజూ (కరెంట్ వచ్చే వైరు), న్యూట్రలూ (కరెంట్ తిరిగి వెళ్లే వైరు) ఉంటే చాలు, కానీ కారు చార్జర్ ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని గానీ కరెంట్ వదలదు, లేకపోతే ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది. వానాకాలంలో బాగానే ఎక్కి ఏప్రిల్‌లో మొరాయిస్తోందంటే ఎర్త్ పిట్, అంటే బిల్డింగ్ ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత, ఎండిపోయి ఉంటుంది, మన హైదరాబాద్‌లో కింద అంతా బండరాయే కదా. పిట్‌లో రెండు బకెట్ల నీళ్లు పోయించి మళ్లీ పెట్టండి, ఎక్కితే దొంగ దొరికినట్టే.

ఎలక్ట్రీషియన్ చేత మీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూపించండి, 2-3 వోల్టులు దాటకూడదు. ఫేజ్-ఎర్త్ మధ్య 230 వచ్చింది కదా అని వదిలెయ్యకండి, ఎర్త్ బలహీనంగా ఉన్నా మీటర్ ఆ నంబర్ చూపించేస్తుంది. కొన్నిచోట్ల సాకెట్ వెనక ఎర్త్ వైరే ఉండదు. పిట్ నుంచి మీ సాకెట్‌కి విడిగా వైరు లాగించండి, అదే అసలు పరిష్కారం.

సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేద్దామని ఎవరైనా అంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. చార్జర్ పనిచేస్తుంది, నిజమే, కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందంటే కారు బాడీ మొత్తానికి కరెంట్ వస్తుంది, సెల్లార్‌లో పిల్లలు ఆడుకుంటుంటారు.

అర్ధరాత్రి దాకా ఎక్కి ఆగిపోతే, కరెంట్ పోయి అపార్ట్‌మెంట్ జనరేటర్ ఆన్ అయిందేమో వాచ్‌మన్‌ని అడగండి. కొన్ని జనరేటర్లకి న్యూట్రల్ ఎర్త్ చేసి ఉండదు, చార్జర్‌కి అది పడదు, అసోసియేషన్‌కి చెప్పి సరిచేయించండి. ప్లగ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంటే సాకెట్ లూజ్, 16 ఆంప్స్‌ది మంచిది వేయించండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలొద్దు.

కారు లోపలి చార్జర్ పోవడం అరుదు, అది షోరూమ్ వాళ్లే చూడాలి.