అమెరికా పౌరసత్వ ప్రమాణం చేశాక: సరెండర్, ఓసీఐ, ఊరి పొలం

భారత పౌరసత్వం పోయేది పాస్‌పోర్టు అప్పగించిన రోజున కాదు. చెయ్యెత్తి ప్రమాణం చేసిన రోజునే పోతుంది. తన ఇష్టంతో మరో దేశ పౌరసత్వం తీసుకున్నవారు అప్పటినుంచే భారత పౌరులు కారని 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. దీనికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. తర్వాత భారత పాస్‌పోర్టు అప్పగించి తెచ్చుకునే సరెండర్ సర్టిఫికెట్ అప్పటికే జరిగిపోయినదానికి రుజువు మాత్రమే. ఈ ఒక్క విషయం తెలియకే ఎక్కువమంది ఇబ్బందుల్లో పడుతున్నారు. పాత పాస్‌పోర్టుకు ఇంకా నాలుగేళ్ల గడువుంది కదా అని దాని మీదే ఊరికి వస్తారు, దాంతోనే బ్యాంకు పని చేయిస్తారు, ఓటు కూడా వేసి వెళ్తారు.

ప్రమాణపత్రంలో పాత దేశానికి విధేయత వదులుకుంటున్నామన్న మాట ఉంటుంది. అది చదివేటప్పుడు గొంతు పట్టేసేవాళ్లు చాలామంది. అమ్మానాన్నల బాధ్యత, పొలం మీద వారసత్వపు హక్కు, ఊరి బడికి ఏదైనా చేయాలన్న తపన ఆ మాటతో పోవు. వాటిని నిలుపుకొనే దారులు మాత్రం ఆ రోజునుంచి మారతాయి.

ప్రమాణానికి ముందే చూసుకోవాల్సినవి

ప్రమాణం తేదీకి దగ్గరలో ఇండియా టికెట్ కొనకండి. ఆ రోజు గ్రీన్‌కార్డు వెనక్కి తీసేసుకుంటారు. అమెరికా పాస్‌పోర్టు రావడానికి వారాలు పడుతుంది. భారత పాస్‌పోర్టు చేతిలో ఉన్నా వాడకూడదు. అంటే కొన్ని వారాలపాటు ఏ దేశపు పాస్‌పోర్టుతోనూ ప్రయాణం కుదరదు. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగోలేకపోతే ప్రమాణం తేదీ మార్చమని ముందే కోరడం మేలు. ప్రమాణం అయిపోయాక కబురొస్తే, 14 రోజుల్లోపు ప్రయాణం ఉన్నవారికి పాస్‌పోర్టు ఏజెన్సీ ఇచ్చే అత్యవసర అపాయింట్‌మెంటు తీసుకుని, కొత్త పాస్‌పోర్టు మీద ఈ-వీసాకు దరఖాస్తు చేయాలి.

ఇక పేరు. తెలుగువాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఆగేది ఇక్కడే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. పట్టాదారు పాస్‌బుక్‌లో ఊరివాళ్లు పిలిచే పొట్టిపేరు ఉంటుంది. ఆడవాళ్లకైతే చదువు కాగితాల్లో పుట్టింటి పేరు, పాస్‌పోర్టులో మెట్టినింటి పేరు. వీటికి తోడు పౌరసత్వ దరఖాస్తులో పేరు మార్చుకునే అవకాశం కనబడగానే, పలకడానికి తేలికని కొందరు సగం పేరు తీసేస్తారు. పదేళ్ల తర్వాత తహసీల్దార్ ఆఫీసులో ‘ఈ మనిషి, ఆ మనిషి ఒక్కరే’ అని నిరూపించే భారం మీ మీదే పడుతుంది. మా సలహా: ఆఖరి భారత పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే ఉంచండి. మార్చుకుని తీరాలంటే, మార్పును చూపే కాగితాన్ని సర్టిఫికెట్‌తో కలిపి భద్రం చేయండి.

న్యాచురలైజేషన్ సర్టిఫికెట్ (అమెరికా పౌరసత్వం వచ్చినట్టు ఇచ్చే పత్రం) చేతికి రాగానే, హాలు వదలకముందే పేరులోని అక్షరాలు, పుట్టినతేదీ సరిచూసుకోండి. ఇంటికెళ్లగానే రంగుల్లో స్కాన్ చేయండి. అమెరికా పాస్‌పోర్టు దరఖాస్తుతో అసలు సర్టిఫికెట్టే పంపాలి, అది పాస్‌పోర్టుతో కాకుండా వేరే కవరులో తిరిగొస్తుంది. కాపీ తీయడం నేరమని దాని మీద ఉన్న హెచ్చరిక చూసి కొందరు భయపడతారు. అది దుర్వినియోగం గురించి. సొంత రికార్డుకు, అడిగిన ఆఫీసుకు ఇవ్వడానికి కాపీ తీసుకోవచ్చు.

సరెండర్ సర్టిఫికెట్

అమెరికాలో ఈ దరఖాస్తులను భారత కాన్సులేట్ల తరఫున వీఎఫ్‌ఎస్ అనే ప్రైవేటు సంస్థ తీసుకుంటుంది. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, ప్రింటు మీద సంతకం చేసి, ఆఖరి భారత పాస్‌పోర్టు అసలు, న్యాచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ, అమెరికా పాస్‌పోర్టు కాపీ జతచేసి పంపాలి. పంపేముందు పాత పాస్‌పోర్టులోని ప్రతి పేజీనీ స్కాన్ చేసుకోండి. ముఖ్యంగా ఆఖరి పేజీ, మీ తల్లిదండ్రుల పేర్లు ఉండేది అక్కడే.

పౌరసత్వం వచ్చిన మూడేళ్ల తర్వాత కూడా భారత పాస్‌పోర్టు దగ్గర ఉంచుకుంటే జరిమానా ఉంది. ప్రమాణం తర్వాత దాని మీద చేసిన ప్రయాణాలకు విడిగా, ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు. పాస్‌పోర్టు పోయి ఉంటే పోలీసు రిపోర్టు, అఫిడవిట్ సిద్ధం చేసుకోవాలి.

రద్దు ముద్ర వేసిన పాస్‌పోర్టు సర్టిఫికెట్‌తోపాటు తిరిగి వస్తుంది. పనికిరాదని పారేయకండి. రేపు మీ పిల్లలు, మనవలు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు) అడిగితే భారత మూలానికి బలమైన ఆధారం అదే.

భారత పాస్‌పోర్టుతో వచ్చిన పిల్లలు 18 ఏళ్లలోపు ఉండి, గ్రీన్‌కార్డుతో మీ దగ్గరే ఉంటే, మీతోపాటు వాళ్లకూ అమెరికా పౌరసత్వం దానంతటదే వస్తుంది. వాళ్ల పాస్‌పోర్టులూ సరెండర్ చేయాలి. దీన్ని మరిచిపోయి, పిల్లల ఓసీఐ దగ్గర ఆగిపోయే కుటుంబాలు ఎక్కువ.

ఓసీఐ

ఓసీఐ పేరులో పౌరసత్వం ఉన్నా అది ద్వంద్వ పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసా లాంటిది. ఈ పథకాన్ని లాంఛనంగా మొదలుపెట్టింది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరి ప్రవాసీ భారతీయ దివస్‌లో. భారత మూలాలవారికి అంతకుముందు ఇచ్చిన పాత పీఐఓ కార్డును 2015లో ఇందులో కలిపేశారు.

సరెండర్ సర్టిఫికెట్ వచ్చాకే దీనికి దరఖాస్తు చేయండి. ఫొటో చతురస్రంగా, రెండంగుళాల కొలతలో ఉండాలి. వెనక లేతరంగు ఉండాలి, తెలుపు పనికిరాదు. అమెరికా పాస్‌పోర్టుకు తీయించిన తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటోనే ఇక్కడా పెట్టేయడం చాలామంది చేసే తప్పు. సంతకం ఎత్తుకు మూడింతల వెడల్పున గడిలో పట్టాలి. రాయడం రాని పసిపిల్లలకు వేలిముద్ర వేయించాలి.

కార్డు వచ్చాక కూడా పని ఉంటుంది. 20 ఏళ్లలోపు తీసుకున్నవారు, 20 దాటాక వచ్చే కొత్త పాస్‌పోర్టుతో ఒకసారి కార్డును తిరిగి జారీ చేయించుకోవాలి. 20 నిండకముందు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ, 50 నిండాక ఒకసారి, కొత్త పాస్‌పోర్టు కాపీ, ఫొటో మూడు నెలల్లో అప్‌లోడ్ చేస్తే చాలు. దానికి ఫీజు లేదు.

భారత పౌరుడిగా ఉన్న వ్యక్తి పిల్లలు, మనవలు, మునిమనవల వరకే ఓసీఐకి అర్హత. తాను గానీ, ఆ మూడు తరాల పెద్దల్లో ఎవరైనా గానీ పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులై ఉంటే రాదు. కోరంగి రేవునుంచి మారిషస్ చెరకు తోటలకు వెళ్లినవారి సంతానానికి ఈ లెక్క చాలదు. అక్కడి తెలుగువాళ్లు ఏ భారత పాస్‌పోర్టూ లేకుండానే ఉగాది చేసుకుంటూ, భాష నేర్పుకుంటూ వచ్చారు. 2024 మార్చిలో మారిషస్‌లోని భారత మూలాల వారికి ఏడో తరం దాకా ఓసీఐ ఇస్తామని ప్రకటించారు. అలాంటి వారికి ఆధారం మారిషస్‌లోని మోకా ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన వలస రికార్డులే. ఆ రికార్డుల్లో పూర్వీకుడి వలస నంబరు దొరికితే అక్కడినుంచి కిందికి ప్రతి తరం జనన, వివాహ పత్రాలు గొలుసులా పేర్చుకురావాలి. మధ్యలో ఒక్క పత్రం తగ్గినా గొలుసు తెగినట్టే.

పొలం

ఓసీఐతో ఇల్లు, ఫ్లాటు కొనవచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోట కొనకూడదు. ఇది చాలామందికి తెలుసు. గిఫ్ట్ డీడ్‌గా తీసుకోవడం కూడా కుదరదని తెలిసినవారు మాత్రం తక్కువ. ‘నేనుండగానే రాసిచ్చేస్తాను’ అని నాన్న ప్రేమగా చేయించే రిజిస్ట్రేషన్ విదేశీ మారక నిబంధనలకు విరుద్ధం. భారత పాస్‌పోర్టుతోనే విదేశంలో ఉంటున్న ఎన్నారైకీ ఇదే నిబంధన. వారసత్వంగా మాత్రం పొలం రావచ్చు. కాబట్టి పెద్దవాళ్లకు వీలునామా రాయమని చెప్పండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, చేయించి పెడితే తగాదాలు తగ్గుతాయి. పోయినవారి పేరునుంచి మార్చుకునేటప్పుడు మీ హోదాను ఓసీఐ అనే చెప్పండి, పాత ఓటరు కార్డు చూపించి పౌరుడిగా నమోదు చేయించుకోకండి. అమ్ముకోవాలంటే భారత్‌లో ఉండే భారత పౌరుడికే అమ్మాలి.

పనులు చూడటానికి తమ్ముడికో బావకో పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తారు. అమెరికాలో నోటరీ చేయించి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) వేయించాలి, లేదా కాన్సులేట్‌లో అటెస్టు చేయించాలి. ఆ కాగితం భారత్ చేరిన మూడు నెలల్లోపు ఇక్కడి స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు దాటాకే బీరువాలోంచి తీసేవారు ఎక్కువ, అప్పుడు కొత్తది రాయించుకోవాల్సి వస్తుంది.

ఊరికి ఇచ్చే డబ్బు

అమ్మకు ఎంతైనా పంపవచ్చు. దగ్గరి బంధువులకు ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పంపితే అందుకున్నవారు ప్రభుత్వానికి తెలపనక్కర్లేదు, దాటితే తెలపాలి. బడి కమిటీకో, ట్రస్టుకో, గుడికో ఇవ్వడం వేరు. విదేశీ విరాళాల చట్టం దృష్టిలో ఎన్నారై భారత పౌరుడిచ్చే డబ్బు విదేశీ విరాళం కాదు, ఓసీఐ ఉన్నవారిచ్చేది మాత్రం విదేశీ విరాళమే. నిరుడు పౌరుడిగా మీరిచ్చినలాంటి చందాయే ఈ ఏడు ఓసీఐగా ఇస్తే ఆ సంస్థను చిక్కుల్లో పడేస్తుంది. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని ముందు అడగండి. ఉన్న సంస్థకు ఢిల్లీ ప్రధాన స్టేట్‌బ్యాంకు శాఖలో అందుకోసం తెరిచిన ఖాతా ఉంటుంది, డబ్బు అందులోకే పంపాలి. ఊరి సంఘానికి రిజిస్ట్రేషన్ లేకపోతే, మీ తరఫున బంధువు ఖాతాలోంచి ఇప్పించడం పరిష్కారం కాదు, అది ఆ బంధువునూ ఇరికిస్తుంది. రాజకీయ పార్టీకి చందా అసలే వద్దు.

ఓటు, బ్యాంకు, ఆధార్

ఓటర్ల జాబితాలో పేరు మీరే ఫారం 7 పెట్టి తీయించుకోండి. మనసుకు కష్టంగా ఉండే పనే, కానీ పౌరుడు కానివారు జాబితాలో ఉండకూడదు. మామూలు సేవింగ్స్ ఖాతా ఇంకా ఉంటే ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవారికి భారత్‌లోని ఆదాయం కోసం ఉండే రూపాయి ఖాతాగా) మార్పించి, ఉన్న ఎన్నారై ఖాతాల్లో జాతీయత సవరించమని బ్యాంకుకు రాయండి. పాన్ నంబరు అదే కొనసాగుతుంది. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, ఎక్కడా అలా చూపకండి.

తిరిగొచ్చి మళ్లీ భారత పౌరుడు కావాలనుకునేవారికి పౌరసత్వ చట్టం 5వ సెక్షన్‌లో దారి ఉంది. ఓసీఐగా ఐదేళ్లు నమోదై ఉండాలి, దరఖాస్తుకు ముందు 12 నెలలు భారత్‌లో ఉండాలి. ప్రత్యేక పరిస్థితుల్లో మొత్తం 30 రోజులకు మించని విరామాలను కేంద్రం మన్నించవచ్చు. కనుక ఇండియాకు వచ్చిపోయిన ప్రతి తేదీనీ మొదటినుంచీ ఒక పుస్తకంలో రాసుకోండి.