యూత్ పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్తున్నారా?

విశాఖలో చర్చి యూత్ రిట్రీట్ అంటే సాయంత్రానికి ఏదో ఒక బీచ్‌కి చేరాల్సిందే. ఆర్కే బీచ్ అయినా, యారాడ అయినా అలలు మామూలుగానే కనిపిస్తాయి. వెనక్కి వెళ్లేటప్పుడు మాత్రం కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి. అందుకే మా పిల్లలకు మోకాళ్ల లోతు వరకే అనుమతి. ఒడ్డున ఇద్దరు పెద్దవాళ్లు ఫోన్లు సంచిలో పెట్టేసి తలలు లెక్కపెడుతూనే ఉంటారు.

బయల్దేరే ముందే అమ్మానాన్నల సంతకంతో ఒక కాగితం తీసుకోండి. అందులో ఫోన్ నంబర్లు, వాడే మందులు, పడని తిండి ఉండాలి. ఒకసారి రొయ్యల వేపుడు తిన్న అబ్బాయికి పెదాలు వాచిపోయాయి. డాక్టర్ అడిగిన ప్రతిదానికీ ఆ కాగితం చూసే చెప్పగలిగాం.

ఇంకో విషయం, దీన్ని చాలామంది మొహమాటంతో దాటేస్తారు. ప్రార్థన కోసమైనా సరే, ఏ పెద్దవాళ్లూ ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో తలుపేసుకుని కూర్చోకూడదు. పాస్టరుగారికైనా ఇదే మాట. తలుపు తీసే ఉంచాలి, ఇంకొకరికి కనబడాలి.

ఎవరైనా తనను తప్పుగా తాకారని బిడ్డ చెబితే, సంఘం పరువు పోతుందని లోపల్లోపల సర్దేయకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. దాచితే 6 నెలల వరకు జైలు. తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని సంస్థ బాధ్యులు దాచితే ఏడాది వరకు. బిడ్డను గుచ్చి గుచ్చి అడగొద్దు. చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకుని, వెంటనే పోలీస్ స్టేషన్‌కి గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయండి.